పరిశుద్ధ తోమా పేరు నిలిచిన చోటులు

(శతాబ్ది కూటములలో ఒక సాయంకాలమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరమందు మన అధ్యక్ష మండలములో కొన్ని క్రొత్త ఆలయములు లేచుచున్నవి. గోడలు సగము లేవకమునుపే ప్రతి చోటను ఒక ప్రశ్న పుట్టుచున్నది. దీనికి ఎవరి పేరు పెట్టుదము? ఆ సంగతిని గూర్చి మాటలాడుమని కమిటీవారు మమ్మును కోరిరి. పేర్లన్నిటిని గూర్చి చెప్పబూనినచో ఈ రాత్రి చాలదు. కనుక ఒక్క అపొస్తలుని పేరునే పట్టుకొని, అది లోకములో ఎచ్చటెచ్చట నిలిచినదో, నిలిచిన చోట ఏమి జరిగినదో చూతము. ఆయన తోమా.

పరిశుద్ధుల పేర్లు మనకు తెలియకుండనే మన నోట ఆడుచుండును. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు సర్కారు జిల్లాలకును రాయలసీమకును ఆజ్ఞలు వచ్చినది చెన్నపట్నములోని సెయింట్ జార్జి కోటనుండియే. బ్రెజిలు దేశములోని సావో పౌలో నగరము 1554 జనవరి 25న, అనగా పౌలు మారుమనస్సు పండుగనాడు, స్థాపింపబడినందున ఆ పేరు పొందెను. 1703లో పుట్టిన సెయింట్ పీటర్స్‌బర్గ్ 1914లో పెట్రోగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్ అయి, 1991లో మరల పేతురు దగ్గరకే వచ్చినది. ఇక మన పట్టణములలో సంగతి మీకు తెలిసినదే. ఇంగ్లీషు మీడియము బడి పెట్టదలచినవాడు ఏ మతస్థుడైనను ముందుగా బోర్డు మీద 'సెయింట్' అని వ్రాయించుచున్నాడు. ఆ పరిశుద్ధుడెవరని అడిగిన తల్లిదండ్రులను మేము ఇంతవరకు చూడలేదు.

మన సంఘములలో కొందరికి ఈ పేర్ల విషయమై ఒక సందేహము కలదు. మనము పరిశుద్ధులకు మ్రొక్కువారము కాము గదా, మరి ఆలయమునకు వారి పేరెందుకు? ఇది న్యాయమైన ప్రశ్నయే. ఆలయమును ప్రతిష్ఠించునది త్రియేక దేవునికే. పరిశుద్ధుని పేరు జ్ఞాపకార్థము మాత్రమే. అంతేకాదు, పౌలు తన పత్రికలలో 'పరిశుద్ధులు' అని పిలిచినది చనిపోయిన మహాత్ములను కాదు. కొరింథులోను ఫిలిప్పీలోను కూడుకొను సామాన్య విశ్వాసులనే అట్లు పిలిచెను. ఆ లెక్కన ఈ పందిరి క్రింద చాపల మీద కూర్చున్నవారందరును పరిశుద్ధులే. అయినను ముందు నడిచినవాని పేరు తలచుకొనుట మంచిదని మన పెద్దలు తలంచిరి.

తోమా అను మాటకు అరమేయిక భాషలో కవల అని అర్థము. గ్రీకులో దిదుమ అనినను అదియే. మనము ఆయనను అనుమానపువానిగానే జ్ఞాపకము పెట్టుకొన్నాము. అది అన్యాయమని మా తలంపు. లాజరు చనిపోయినప్పుడు యూదయకు తిరిగి వెళ్లుట ప్రాణాపాయమని శిష్యులందరికి తెలియును. అప్పుడు ఆయనతో కూడ చావుటకైనను మనమును పోదము రండని తక్కినవారిని పురికొల్పినది ఈ తోమాయే. ప్రభువు తాను వెళ్లుచున్న మార్గమును గూర్చి చెప్పినప్పుడు మాకు తెలియదని నిర్మొగమాటముగా పలికినదియు ఈయనయే. చివరకు యేసును ప్రభువనియు దేవుడనియు ఒప్పుకొన్నదియు ఆ నోరే. తెలియనిది తెలిసినట్లు నటించనివాడు ఈయన. ఆ గుణమును మనస్సులో ఉంచుకొని ముందుకు పోదము.

ఆయన పేరు మనకు అతి సమీపమున నిలిచిన చోటు చెన్నపట్నమే. సముద్రతీరమున మైలాపూరు ప్రక్కన శాంథోమ్ అను పేట కలదు. అది పోర్చుగీసువారు 'సావ్ తోమే' అని పిలిచిన పేరే. 1523లో వారు అచ్చట అపొస్తలుని సమాధియని చెప్పబడు చోటున ఆలయము కట్టిరి. నేడు కనబడు తెల్లని ఎత్తయిన గోపురపు ఆలయము 1896లో పూర్తియైనది. పోర్చుగీసువారికి ముందే, 13వ శతాబ్దము చివర, మార్కో పోలో ఆ సమాధిని గూర్చి వ్రాసెను. క్రైస్తవులే గాక ముసల్మానులును అచ్చటికి యాత్ర వచ్చుచుండిరనియు, ఆ చోటి మన్ను జ్వరమునకు మందుగా కొనిపోవుచుండిరనియు అతడు చెప్పుచున్నాడు.

పట్టణమునకు దక్షిణమున ఉన్నది సెయింట్ థామస్ మౌంట్. అక్కడివారు పరంగిమలై అందురు, అనగా పరంగివారి కొండ. చూడుడు, దొరలు అపొస్తలుని పేరు పెట్టిరి, ఊరివారు ఆ దొరల పేరే పెట్టిరి! 1547లో అచ్చట పునాది త్రవ్వుచుండగా పహ్లవీ లిపిలో అక్షరములు చెక్కిన రాతి సిలువ బయటపడెను. పోర్చుగీసువారికి శతాబ్దములకు ముందే పారసీక దేశపు సంఘముతో సంబంధముగల విశ్వాసులు ఆ తీరమున ఉండిరనుటకు అది సాక్ష్యము. మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో ఆ కొండ ఎక్కి ఆ సిలువను చూచితిమి. అదే కొండ దగ్గర 1802 ఏప్రిల్ 10న లాంబ్టన్ దొర సర్వే గొలుసు పరచి, భారతదేశమంతటిని కొలుచు పని ప్రారంభించెను. హిమాలయ శిఖరముల ఎత్తు తేలినదియు తుదకు ఆ కొలతనుండియే.

అపొస్తలుడు నిజముగా వచ్చెనా? కేరళ సంఘములు క్రీ.శ. 52లో ఆయన కొడుంగల్లూరు దగ్గర దిగెననియు, 72లో మైలాపూరు దగ్గర హతసాక్షి అయ్యెననియు నమ్ముచున్నవి. ఆ నమ్మిక ప్రాచీనమైనది, గౌరవింపదగినది. ఎముకల సంగతి వేరు. అవి నాల్గవ శతాబ్దములో ఎదెస్సాలో గౌరవింపబడుచుండెను. 1258నుండి ఇటలీలోని ఒర్తోనా పట్టణమున ఉన్నవందురు. చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. మన యౌవనస్థులు కొందరు తోమా పేరును ఒక సర్టిఫికెట్టువలె చూపగోరుచున్నారు. "మా మతము దొరలు తెచ్చినది కాదు, రెండువేల ఏండ్ల క్రిందటనే వచ్చినది" అని పొరుగువారితో వాదించుటకు. వారి బాధ మాకు తెలియును, ఆ మాట పడనివారు మనలో ఎవరు? కాని తోమా స్థాపించెనని చెప్పుకొను పాత సంఘమేదియు తెలుగు సీమలో మనకు లేదు. మనకు సువార్త చెప్పినవారు మిషనరీలును, వారికంటె ఎక్కువగా ఎండలో కాలినడకన తిరిగిన మన ఉపదేశకులును, బైబిలు స్త్రీలును. ఇతరుల తాతను మన తాత అని చెప్పుకొననక్కరలేదు. తెలియనిది తెలియదని చెప్పిన అపొస్తలుని పేరుతో అట్టి వాదన చేయుట మరియు తగదు.

ఇప్పుడు దూరము పోదము. ఆఫ్రికా పడమటి సముద్రములో భూమధ్యరేఖ మీద సావో తోమే అను దీవి కలదు. 1470 ప్రాంతమున పోర్చుగీసు నావికులు దానిని కనుగొనిరి. తోమా పండుగ నాడు, అనగా పూర్వపు పంచాంగము చొప్పున డిసెంబరు 21న, కనుగొన్నందున ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. ఆ పేరు క్రింద ఏమి జరిగినది? 1493లో పోర్చుగలు రాజు యూదుల పిల్లలను తల్లిదండ్రులయొద్దనుండి లాగి, బాప్తిస్మమిప్పించి, ఆ దీవికి ఓడలలో పంపెను. వారిలో అనేకులు అచ్చటనే చనిపోయిరి. తోమా యూదుడే గదా! యూదుని పేరుగల దీవిలో యూదుల బిడ్డలను పాతిపెట్టిరి. తరువాత చెరకు తోటలు వచ్చెను, ఆఫ్రికానుండి బానిసలు వచ్చిరి. చట్టములో బానిసత్వము ముగిసిన తరువాత కూడ కోకో తోటలకు అంగోలా కూలీలను పట్టి తెచ్చి, తిరిగి పోనియ్యక ఉంచిరి. సంగతి రూఢియైన తరువాత 1909లో క్యాడ్బరీ మొదలైన ఇంగ్లీషు చాకొలెట్టు కంపెనీలు ఆ దీవి కోకో కొనుట మానుకొనెను. ఆ దేశము 1975 జూలై 12న స్వాతంత్ర్యము పొందినది. ఆ నాలుగు వందల ఏండ్లును ఆ దీవికి అపొస్తలుని పేరే యుండెను, ఆలయములలో గంటలు మ్రోగుచునే యుండెను. మంచి పేరు పెట్టినందువలన చోటు మంచిది కాదని ఇంతకంటె ఎవరు చెప్పవలెను?

అదే పేరుగల మరియొక దీవి కరీబియను సముద్రములో కలదు. సెయింట్ థామస్ అని దానిని పిలుతురు. 1672నుండి అది డేనుల వలస, అచ్చట బానిసల అంగడి జరుగుచుండెను. 1731లో ఆ దీవినుండి వచ్చిన అంటోన్ అను దాసుడు కోపెన్‌హాగెన్ నగరమున జింజెన్‌డోర్ఫ్ ప్రభువును కలిసికొని తనవారి దురవస్థ చెప్పెను. ఆ మాట విన్న మొరేవియను సంఘమువారు 1732లో ఇద్దరిని పంపిరి. ఒకరు లియోనార్డ్ డోబెర్, కుమ్మరి. మరియొకరు డేవిడ్ నిచ్‌మన్, వడ్రంగి. తోటల యజమానులు నవ్విరి, ఆటంకపరచిరి. వీరు దాసుల గుడిసెలకే పోయిరి. ప్రొటెస్టెంటు మిషనరీ సేవ చరిత్రలో ఇది గొప్ప ఆరంభమని మన పాఠ్యపుస్తకములు చెప్పును. అచ్చట బానిసత్వము 1848లో తొలగెను. 1917లో డెన్మార్కు ఆ దీవులను అమెరికాకు అమ్మెను. పేరు ఒక్కటే, దీవులు రెండు. ఒకచోట ఆ పేరు అపహాస్యమయ్యెను. రెండవచోట అంగడి ఆగకపోయినను, ఒక కుమ్మరియు ఒక వడ్రంగియు ఆ పేరునకు కొంత పరువు నిలిపిరి.

ఆసుపత్రులలో పనిచేయు మన సిస్టరమ్మలకొరకు ఒక్క మాట. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రికి మొదట ఉన్నది మన తోమా పేరు కాదు. 1170లో కాంటర్బరీ ఆలయములో రాజు మనుష్యులచేత చంపబడిన ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ పేరు. రాజును ఎదిరించినవాని పేరు హెన్రీ రాజుకు గిట్టలేదు, 1538లో ఆ పరిశుద్ధుని జ్ఞాపకమును కొట్టివేయించెను. ఆసుపత్రియు మూతపడెను. 1551లో మరల తెరచినప్పుడు అపొస్తలుడైన తోమా పేరు పెట్టిరి. పలకమీద అక్షరములు మార్చవలసిన పని కూడ లేకపోయెను! రోగులకు పేరులో తేడా తెలిసియుండదు. ఆ ఆసుపత్రిలోనే 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ తన నర్సుల పాఠశాలను తెరచెను. మన మిషను ఆసుపత్రులలో నేర్పిన దాదిపని క్రమమునకు మూలము అచ్చటనే కలదు.

ఇక మన యింటి సంగతి. మా పాస్టరేటులో ఒక పల్లె ఆలయము స్లాబు వేయువరకు వచ్చి ఆగియున్నది. విదేశమందున్న ఒక సహోదరుడు పైకప్పు ఖర్చంతయు ఇచ్చెదనని వ్రాసెను. అయితే ఆలయమునకు తన తండ్రిగారి పేరు ఉండవలెనట. తండ్రిగారు మంచివారే, ఆ సంఘమునకు సేవచేసినవారే. ఆ కోరికలో ప్రేమయున్నది. దానిని మేము తక్కువ చేయము. కాని పునాదినుండి లింటెలు వరకు ఖర్చైనది స్త్రీల పిడికెడు బియ్యము. పదునాలుగు సంవత్సరములు, కూలికి పోవు తల్లులు ఎసరు పెట్టునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి కుండలో వేసినది. వారి పేర్లు పలకమీద చెక్కించుటకు ఏ పలక చాలును? ఒక్కరి పేరు చెక్కిననాడు వారందరు తమ గుడిలోనే అతిథులగుదురు.

అపొస్తలుని పేరు పెట్టుటలో మాకు కనబడు మేలు ఇదియే. ఆయన పేరున్నచోట మనలో ఎవరి పేరును ఉండదు. ఆయన పెద్దకుటుంబమువాడు కాడు, చిన్నకుటుంబమువాడు కాడు, ఈ వీధివాడు కాడు, ఆ వీధివాడు కాడు. తోమాను గూర్చి మూడవ శతాబ్దపు సిరియా గ్రంథమొకటి చెప్పు కథ మీలో కొందరు వినియుందురు. గొండోఫరెస్ అను రాజు మేడ కట్టుమని ఆయనకు ధనమిచ్చెను. తోమా దానినంతయు బీదలకు పంచి, మేడ పరలోకమందు లేచుచున్నదని చెప్పెను. రాజు కోపించి చెరలో వేయించెను. అప్పుడు చనిపోయిన రాజు తమ్ముడు పరలోకములో ఆ మేడను చూచి, మరల బ్రదికి వచ్చి అన్నకు చెప్పెనట. కథను కథగానే తీసికొందము. గొండోఫరెస్ అను రాజు మాత్రము నిజముగా ఉండెనని 19వ శతాబ్దములో దొరికిన నాణెములు చూపినవి. అతడు ధనము మాత్రమే ఇచ్చెను. మేడ మీద తన పేరు ఎక్కడ వ్రాసిరని అడిగినట్లు ఆ కథలో లేదు.

ఆ సహోదరునికి మేము ఇట్లు వ్రాసితిమి. తండ్రిగారి పేరున పల్లెలో పిల్లలకు చదువుగది కట్టించుడి, లేదా బోరు వేయించుడి, పేరు సంతోషముగా వ్రాయించెదము. ఆలయమునకు మాత్రము వద్దు. పైకప్పు ఆలస్యమైన ఆలస్యము కానిండు, రెండు వర్షాకాలములు రేకుల క్రింద ఆరాధించుకొందము. ఈ మాటకు సంఘములో అందరును ఒప్పుకొనలేదు. స్లాబు ముఖ్యముగాని పేరు ముఖ్యమా అని అడుగు పెద్దలున్నారు. రేకుల క్రింద తడియునది వారే గనుక అడుగు హక్కు వారికి కలదు.

వచ్చే నెల రెండవ ఆదివారము ఆరాధన తరువాత సంఘము మరల కూడుచున్నది. ఆ సహోదరుడును సెలవుమీద వచ్చెదనని వ్రాసియున్నాడు. బియ్యము లెక్కల పుస్తకములు, మొదటినుండి ఉన్నవన్నియు, తెచ్చి బల్లమీద పెట్టుడని స్త్రీల మైత్రి కార్యదర్శిగారికి చెప్పియున్నాము.