ఇంటి పనివారి లెక్కలు
(అమరచింత పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



గ్రామములో బడిగది కట్టవలసినను, మురుగుకాలువ త్రవ్వవలసినను, సిమెంటు రోడ్డు వేయవలసినను పంచాయతీ తీర్మానము కావలెను. తీర్మానమైన పిమ్మట పని మేస్త్రి చేతిలోనికిని, లెక్క ఇంజనీరు పుస్తకములోనికిని పోవును. మధ్యనున్న సభ్యుడు సంతకము చేయును. ఆ సంతకము దేనిమీద చేయుచున్నాడో తెలిసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదు. హెచ్చవేత, భాగహారము, చేతిలో ఒక టేపు ఉన్న చాలును. అమరచింత 2018లో పురపాలక సంఘమైనది గాని, చుట్టుపట్లనుండి విచ్చేసిన మీ గ్రామములలో ఈ బాధ్యత పంచాయతీదే.

కట్టుబడి పని ఈ ప్రాంతమునకు కొత్త కాదు. పాలమూరు కూలీలు దేశము నలుమూలల ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. పనితనము వారిది, కొలతల పుస్తకము మాత్రము ఇతరుల చేతిలో నుండెను. తాను త్రవ్విన గుంట ఎన్ని ఘనపుటడుగులో తెలియనివాడు ముఠామేస్త్రి చెప్పినదే లెక్క యని పుచ్చుకొనవలసి వచ్చెను. లెక్క రానందువలన పోయినది పరువు కాదు, కూలి.

మనవారికి గణితము పరాయి విద్య యని ఎవరును తలపరాదు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలములో మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహమునందు గుంటల త్రవ్వకము, ఇటుకల పేర్పు, కలప కోత, వీనికి వేర్వేరు లెక్కలు గలవు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దమున తెలుగు చేసెను. ఇక మన వడ్రంగులు ఇంటికి ఆయము కట్టుట మీరెరిగినదే. పొడవును వెడల్పుతో హెచ్చవేసి, దానిని తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగించి, శేషమును బట్టి ధ్వజాయమనియు గజాయమనియు చెప్పుదురు. తొమ్మిది యనగా ఎనిమిదియు ఒకటియు గనుక, తొమ్మిదితో హెచ్చవేసినను వేయకున్నను శేషము మారదు. పదునైదును ఎనిమిదితో భాగించిన శేషము ఏడు. నూట ముప్పదియైదును భాగించినను ఏడే. ఆయము ఫలించునో లేదో మేము చెప్పజాలము. శేషమును నోటితో చెప్పగల వడ్రంగికి తక్కిన లెక్కలు కష్టము కానేరవని మాత్రము చెప్పగలము.

ముందుగా అడుగులకును మీటర్లకును గల తగవు చూతము. మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినది. 1958 అక్టోబరు నుండి క్రమముగా అమలులోనికి వచ్చినది. నేటికిని మేస్త్రి అడుగులలో మాటాడును, అంచనా మీటర్లలో నుండును. అడుగు 30.48 సెంటీమీటర్లు. పది అడుగులు మూడు మీటర్లని నోటిలెక్క వేయుట అందరికి అలవాటు. మన ప్రక్కనున్న జూరాల జలాశయపు పూర్తి నీటిమట్టము 1045 అడుగులు, అనగా 318.516 మీటర్లు. నోటిలెక్క ప్రకారము చూచిన 313.5 మీటర్లే వచ్చును. అయిదు మీటర్ల నీరు లెక్కలోనే ఇంకిపోయినది! మన పనులలో పొరపాటు ఇంత పెద్దది కాదు గాని, ఘనపరిమాణములో మూడుమారులు హెచ్చవేయుదుము గనుక పెరుగును. పొడవు, వెడల్పు, లోతు పదేసి అడుగులు గల గుంటలో 28.32 ఘనపు మీటర్ల మట్టి యుండును. మూడేసి మీటర్లని వ్రాసిన 27 మాత్రమే. త్రవ్వినవానికి ఒకటింబావు ఘనపు మీటరుకు పైగా కూలి పోయినది.

ఇంతకన్న తరచుగా జరుగు పొరపాటు అంగుళములతో వచ్చును. 12 అడుగుల 6 అంగుళములను 12.6 అని వ్రాయుదురు. అది 12.5. అడుగునకు పండ్రెండంగుళములు గాని పది కావు గదా. 12 అడుగుల 10 అంగుళములను 12.10 అని వ్రాసినపుడు లెక్కయంత్రము దానిని 12.1గా గ్రహించును; నిజమునకది 12.83. ఒక గోడ పొడవు 12 అడుగుల 10 అంగుళములు, ఎత్తు 10 అడుగుల 6 అంగుళములు అనుకొందము. సరియైన వైశాల్యము 134.75 చదరపు అడుగులు. చుక్కపెట్టి హెచ్చవేసిన 128.26 వచ్చును. అట్టి గోడలు నాలుగున్న, గిలాబు చేసిన మేస్త్రికి ఇరువదియారు చదరపు అడుగుల కూలి తగ్గును. ఒకచోట పంచాయతీ నష్టపడును, మరియొకచోట పనివాడు నష్టపడును. ఎవరును మోసము చేయలేదు. అంగుళములను పండ్రెండుతో భాగించి పిదప చుక్క పెట్టవలెను. మూడంగుళములు 0.25, ఆరు 0.5, తొమ్మిది 0.75. ఈ మూడు అంకెలు నోటికి వచ్చిన సగము పని తీరును.

మూల సరిచూచుటకు మూలమట్టము చిన్నది. పెద్ద గదికి చాలదు. మూలనుండి ఒక ప్రక్క మూడడుగులు, ఇంకొక ప్రక్క నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ దూరము అయిదడుగులున్న మూల సరిగానున్నది. బౌధాయన శుల్బ సూత్రములయందలి న్యాయమిదే. అయితే మూడు, నాలుగు, అయిదు చాల చిన్న కొలతలు. ఆరు, ఎనిమిది, పది తీసికొన్న తప్పు స్పష్టముగా బయటపడును. 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల బడిగదికి ముగ్గు పోసినపుడు కర్ణము సరిగా 30 అడుగులు రావలెను. ఎదురెదురు భుజములు సమానమై, రెండు కర్ణములును సమానమైన చాలును. దర్వాజ చట్రమును సరిచూచుటకును వడ్రంగి ఈ విధమునే అనుసరించవచ్చును.

కలప విషయము కొంచెము చిక్కైనది. గుండ్రని దుంగకు చుట్టుకొలతలో నాలుగవ వంతును దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేయుట పాత పద్ధతి. చుట్టు నాలుగడుగులు, పొడవు పదియడుగులైన పది ఘనపుటడుగులు. నిజముగా ఆ దుంగలో 12.73 ఘనపుటడుగుల కలప యుండును. కోతలో పోవు తరుగునకు ఆ భేదము విడిచినట్లు భావింపవచ్చును. కనుక ఈ పద్ధతిన కొన్న దుంగమీద మరల తరుగు పేర ధర పెంచినచో కారణమడుగవలెను. కోసిన కలపకు ఇట్టి చిక్కు లేదు. 4 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గల దర్వాజకు రెండు నిలువులు ఏడేసి అడుగులు, పైకమ్మి నాలుగడుగులు, వెరసి 18 అడుగులు. 4ను 3తో హెచ్చవేసి, 18తో హెచ్చవేసి, 144తో భాగించిన ఒకటిన్నర ఘనపుటడుగు. గడప వేసిన దాని పొడవు కలుపుకొనవలెను.

మెట్ల లెక్కలో ఒక్క మాట. పది అడుగుల ఎత్తునకు ఆరేసి అంగుళముల చొప్పున ఇరువది ఎత్తులు వచ్చును. కాలు మోపు పలకలు మాత్రము పందొమ్మిది. చివరి ఎత్తు స్లాబు మీదికే చేర్చును.

ఇటుకలు ఊరికొక కొలతలో నుండును. పదింటిని వరుసగా పేర్చి కొలిచి పదితో భాగించిన సగటు తెలియును. సున్నముతోగాని సిమెంటుతోగాని కలిపి 9 అంగుళములు, నాలుగున్నర, మూడు వచ్చు ఇటుకలు ఘనపుటడుగునకు పదునాలుగుకు పైచిలుకు పట్టును. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, 9 అంగుళముల మందము గల గోడ 75 ఘనపుటడుగులు. దానికి సుమారు 1070 ఇటుకలు. తలుపులకు, కిటికీలకు విడిచిన చోటు తీసివేసితిరా యని అడుగుట మరువరాదు.

ఇక సిమెంటు రోడ్డు. పంచాయతీ ధనము ఎక్కువగా పోవు పని ఇది గనుక కొంత విపులముగా చెప్పెదము. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందము గల రోడ్డుకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు కావలెను. మందము 12 సెంటీమీటర్లే వేసిన 36 చాలును. మూడు సెంటీమీటర్లు, అనగా రెండు వ్రేళ్ల మందమైన లేదు. కాని అయిదవ వంతు రోడ్డు మాయమైనది. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలిపిన మిశ్రమములో ఘనపు మీటరునకు సుమారు ఎనిమిది సంచుల సిమెంటు పట్టును. ఆ లెక్కన 45 ఘనపు మీటర్లకు 360 సంచులు, 36కు 288. డెబ్బది రెండు సంచులు ఎటుపోయినట్లు?

ఎనిమిది సంచులు ఎట్లు వచ్చెనని కొందరు అడుగవచ్చును. కంకర సందులలో ఇసుక, ఇసుక సందులలో సిమెంటు దూరుటచే, గట్టిపడిన ఒక ఘనపు మీటరునకు పొడిగా 1.54 ఘనపు మీటర్ల సరకు కావలెను. పాళ్లు మొత్తము అయిదున్నర. 1.54ను 5.5తో భాగించిన 0.28. ఘనపు మీటరు సిమెంటు 1440 కిలోలు గనుక 403 కిలోలు, అనగా యాబది కిలోల సంచులు ఎనిమిది.

ఇసుకను, కంకరను తట్టలతో కొలుచుట నమ్మదగినది కాదు. పొద్దున వేసిన తట్టకును సాయంకాలము అలసి వేసిన తట్టకును భేదముండును. ఒక సంచి సిమెంటు సుమారు 35 లీటర్లు. లోపలి కొలతలు 40, 35, 25 సెంటీమీటర్లుగా ఊరి వడ్రంగిచేత ఒక చెక్కపెట్టె చేయించిన అది సరిగా 35 లీటర్లు పట్టును. సంచికి ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర.

మందము చూచుటకు వేళ ఒకటే గలదు. పోసిన తరువాత వచ్చి పైనుండి చూచిన పండ్రెండు, పదునైదు ఒకే తీరుగ కనిపించును. ప్రక్కలకు రేకులు బిగించిన పిదప, కాంక్రీటు పోయకముందు, ఈ రేకు అంచునుండి ఆ రేకు అంచునకు దారము బిగించి, దారము క్రింద నేలవరకు మూడుచోట్ల కొలువవలెను. అంచులలో పదునైదుండి నడుమ నేల ఉబ్బి పదియే యుండుట కలదు. పది పదునైదు మీటర్లకొకసారి ఇట్లు కొలిచిన చాలును.

ఇనుప చువ్వలకు చిన్న సూత్రమున్నది. మందము ఎన్ని మిల్లీమీటర్లో దానిని దానితోనే హెచ్చవేసి 162తో భాగించిన, మీటరు చువ్వ బరువు కిలోలలో వచ్చును. పండ్రెండు మిల్లీమీటర్ల చువ్వ పండ్రెండు మీటర్లది 10.67 కిలోలు, పది మిల్లీమీటర్లది అంతే పొడవున 7.4 కిలోలు. కంటికి రెండును ఒకటిగనే తోచును. ఒక చువ్వను కాటామీద పెట్టిన సందేహము తీరును.

కాలువ కందకములు పైన వెడల్పుగను క్రింద ఇరుకుగను ఉండును. పైన 1.2 మీటర్లు, అడుగున 0.8 మీటరు, లోతు ఒక మీటరు, పొడవు యాబది మీటర్లైన సగటు వెడల్పు ఒక మీటరు, మట్టి 50 ఘనపు మీటర్లు. అడుగు వెడల్పుతో లెక్కించిన 40 వచ్చి కూలీలు నష్టపడుదురు. పై వెడల్పుతో లెక్కించిన 60 వచ్చి పంచాయతీ నష్టపడును. 2006లో ఉపాధి హామీ పథకము మొదలైన 200 జిల్లాలలో నాటి మహబూబునగరము ఒకటి. ఆ పనులలో కొలతను బట్టియే కూలి గనుక, ఈ సగటు లెక్క ఎంత అవసరమో మీ గ్రామములలోని ఆడవారికి బాగుగా తెలియును.

పంచాయతీ కార్యాలయమున ముప్పది మీటర్ల టేపు ఒకటి, పైన చెప్పిన పెట్టె ఒకటి ఉంచుడు. గుడ్డటేపు పాతబడిన సాగును గనుక ఉక్కుది కొనుడు. కొలత తీయునాడు మేస్త్రిని, ఒక కూలీని, ఒక సభ్యుని నిలువబెట్టి, ముగ్గురును చూచిన అంకెనే అక్కడికక్కడ తేదీతో వ్రాయించుడు. అన్నిటికన్న ముందు పునాది గుంటలు కొలువుడు. పూడ్చిన మరునాడు వాని లోతు ఎవరు చెప్పినను వినవలసినదే.