వాపు ఉత్తరువు ఎవరు జారీ చేస్తారు?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పైనాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాణ్ణి. ఈ విషయం మాట్లాడడానికి నాకున్న అర్హతల్లా కీళ్లవాతం ఒక్కటే. ఎనిమిది నెలలు ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడాను. వేళ్లు హాయిగా ముడుచుకుంటున్నాయి కదా అని ఎవరికీ చెప్పకుండా ఒకనాడు మానేశాను. అయిదో రోజున స్నానాలగదిలో కళ్లు తిరిగి పడ్డాను. ఎందుకు పడ్డానో తెలుసుకుందామని, కోలుకున్నాక మా మనవరాలి కాలేజీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

కణంలో కేంద్రకం ఒక రికార్డు రూము. జన్యువులు అందులోని ఫైళ్లు. దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చొరబడినా వాపు పుట్టించే ఫైళ్లు తెరిచి నకళ్లు తీయాలి. ఆ నకళ్లను బట్టే టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి కబురు ప్రొటీన్లు తయారవుతాయి. నకలు తీయించే అధికారులలో ముఖ్యుడు ఎన్.ఎఫ్. కప్పా బి. 1986లో అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ ఇతని జాడ పట్టారు.

మామూలు రోజుల్లో ఈ అధికారి వరండాలోనే ఉంటాడు. ఐ కప్పా బి అనే బంట్రోతు చెయ్యి పట్టుకుని కూర్చోబెడతాడు. ప్రమాద సంకేతం రాగానే ఒక ఎంజైము ఆ బంట్రోతుకు ఫాస్ఫేటు ముద్ర వేస్తుంది. ముద్ర పడినవాణ్ణి కణం నిమిషాల్లో ముక్కలు చేసేస్తుంది. అధికారి లోపలికి పోయి ఫైళ్లు తెరిపిస్తాడు. ముచ్చటేమిటంటే, ఆయన తెరిపించే వాటిలో బంట్రోతు నియామకపు ఫైలు కూడా ఉంటుంది! కొత్తగా తయారైన బంట్రోతు వెళ్లి ఆయన్ను మళ్లీ వరండాలోకి తీసుకొస్తాడు. తనను ఆపేవాణ్ణి తానే నియమించుకునే ఆఫీసరును మన సర్వీసులో నేనైతే చూడలేదు.

కీళ్లవాతంలో సంకేతం ఆగదు. పుట్టిన టి.ఎన్.ఎఫ్. పక్క కణాల్లోని అధికారులనూ లేపుతుంది. స్టెరాయిడు మాత్ర కణంలోకి వెళ్లి తన గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ జంట రికార్డు రూములో మన అధికారి పని సాగనివ్వదు. అమెరికాలో మేయో క్లినిక్‌లో 1948లో కార్టిజోన్ ఇచ్చినప్పుడు మంచం పట్టిన కీళ్లవాత రోగి లేచి నడిచింది. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. 2020లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో, వెంటిలేటరు మీదున్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథసోన్ సుమారు మూడోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు. వాపు కూడా శరీరానికి రక్షణే గదా, వేళకాని వేళ దాన్ని అణిస్తే ఏం లాభం?

ఇక నేను పడ్డ సంగతి. ఇదే జాతి కార్టిసాల్‌ను మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు రోజూ స్వయంగా తయారుచేస్తాయి. బయటినుంచి నెలల తరబడి సరఫరా వస్తుంటే మెదడు వాటికి ఉత్తరువు పంపడం మానేస్తుంది, గ్రంథులు మందగిస్తాయి. నేను మాత్ర ఆపేసరికి ఇంటి సరుకూ లేదు, బజారు సరుకూ లేదు. రక్తపోటు పడిపోయింది. నొప్పి తగ్గింది గదా అని నేను మూసేసిన ఫైలు అసలు మూసేదే కాదు.

డాక్టరుగారు మళ్లీ మొదలుపెట్టించి, నెలనెలా కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. మా ఆవిడ అడకత్తెరతో మాత్రను సగం చేసి పొద్దున టిఫినయ్యాక చేతిలో పెడుతుంది. ఏ నెల ఎంతో రాసిన కాగితం గోడ కేలండరుకు గుచ్చి ఉంది. దాన్ని సవరించే అధికారం నాకు లేదు.