వైద్యశాలలో పిలుపు

గ్రామపెద్దలారా,

సంస్కృతమున 'భార్య' స్త్రీలింగము, 'దార' పుంలింగము, 'కళత్రము' నపుంసకలింగము. మూడింటి యర్థమును ఇల్లాలే. శబ్దలింగమును బట్టి మనుష్యుని నిర్ణయింపరాదని బాలురకు చెప్పుచుంటిని.

వైద్యశాలలో చీటీ వ్రాయువానికిని ఈ పాఠ మవసరము. మా కొత్తవాడలో జంపఖానాల మగ్గములయొద్ద వినినమాట చెప్పెదను. ఒకచోట జ్వరముతో వచ్చిన హిజ్రాను, ఆమె విడిచిన పాతపేరుతో బిగ్గరగా పిలిచిరి. వరుసలోనివారు నవ్విరి. ఆమె మందు పుచ్చుకొనకయే మరలెను.

నైజాము కాలమున 1329 ఫసలీ, అనగా 1919 నాటి శాసనము హిజ్రాలను పోలీసుల పట్టిక కెక్కించెను. తెలంగాణ హైకోర్టు దానిని 2023లో కొట్టివేసినది. వైద్యుల పాఠ్యక్రమమును వీరి యారోగ్యావసరములకై పునఃపరిశీలింపవలెనని 2019 నాటి కేంద్రచట్టము విధించుచున్నది. మంచిదే. కాని రోగి మొదట చూచునది వైద్యుని గాదు, వాకిటి కావలివానిని. శిక్షణ యచ్చటనే మొదలు గావలెను. ఏ పేరున పిలువవలెనో మెల్లగా నడుగుట, ఏ వార్డున నుండగోరునో విచారించుట, రోగముతో సంబంధములేని ప్రశ్నలు మానుట - ఇంతకు గొప్ప విద్య యేల?

హైదరాబాదున 2021లో వీరికై వెలసిన మిత్ర్ క్లినిక్కు సేవలు, 2025లో అమెరికా ధనసాయము నిలువగా, ఆగెను. పరాయి సొమ్మును నమ్ముకొనరాదు. మన సర్కారు దవాఖానలే యీ నడవడి నేర్వవలెను.

మీ యూరి ఆశా కార్యకర్తకు శిక్షణలో ఈ సంగతి చెప్పిరో లేదో యడుగుడు. చెప్పనిచో వైద్యాధికారికి గ్రామము పేరున అర్జీ వ్రాయుడు.