మంద్రవాద్యము నెన్నుకొనుట



ముప్పది యేండ్లకు పైగా బడిలో వ్యాకరణము చెప్పినవానికి గిటారులతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. మొదట నేనును నవ్వితిని. మా మనుమడు హైదరాబాదులో చదువుకొనుచు, ముగ్గురు స్నేహితులతో గూడి హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతమును సాధన చేయుచున్నాడు. ఆ మేళములో వానిది బేస్ గిటారు, అనగా మంద్రస్వరపు గిటారు. నిరుడు వాడు తన నాయనమ్మ పోపులడబ్బాలలో కూడబెట్టిన ఇరువదియెనిమిదివేల రూపాయలు తీసికొనిపోయి ఒక వాద్యమును కొనెను. నెల తిరుగకముందే అది వాని సంగీతమునకు పనికిరానిదని తేలెను. అమ్మినవారు తిరిగి తీసికొనమనిరి. మా ఇంటిలో పది దినములు ఒకరితో నొకరికి మాటలు లేవు. మీ ఇండ్లలోను పిల్లలు ఇట్టి వాద్యములను కోరవచ్చును గావున, ఆ నష్టము వలన మేము తెలిసికొన్నది మీకు విన్నవించుచున్నాను.

ఈ వాద్యము చేయుపని యేమి? తంబురవలె పాటకు అడుగున ఆధారముగా నుండుచు, మృదంగమువలె తాళముతో అడుగు కలిపి నడచుట. పూర్వము పాశ్చాత్యులు ఈ పనికి మనిషియెత్తు ఫిడేలువంటి డబుల్ బేసును నిలువబెట్టి వాయించెడివారు. దానికి మెట్లు లేవు. స్వరస్థానమును వ్రేలే వెదకుకొనవలెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లియో ఫెండర్ అను నతడు 1951లో, మెడలో తగిలించుకొని వాయించదగిన, వీణవలె మెట్లుగల విద్యుద్వాద్యమును అమ్మకమునకు తెచ్చెను. దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు. మెట్టుమీద నొక్కినచో స్వరము ఖచ్చితముగా పలుకునని ఆ పేరునకు అర్థము. దానికి నాలుగు తీగలు. తీగ పలుకు పొడవు ముప్పదినాలుగు అంగుళములు. ఈ 34 అను సంఖ్యను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మా కష్టమంతయు దాని దగ్గఱనే వచ్చినది.

ఇక హెవీ మెటల్ అను దానిలో స్వరము అంత క్రిందికి ఎందులకు దిగెనో చెప్పవలెను. ఇంగ్లాండులో బర్మింగ్‌హాము ఇనుపపనులకు పేరుపడ్డ పట్టణము. అచ్చట టోనీ అయోమీ అను పదునేడేండ్ల పిల్లవాడు రేకుల కార్ఖానాలో పనిచేయుచుండగా, యంత్రములో పడి అతని కుడిచేతి నడిమివ్రేలి కొనయు, ఉంగరపువ్రేలి కొనయు తెగిపోయినవి. అతడు ఎడమచేతివాటమువాడు, తీగలను మెట్లపై నొక్కవలసినది ఆ కుడిచేతి వ్రేళ్ళే! అయినను విడువలేదు. ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొని, పైన తోలు అంటించి, సన్నని తీగలతో మరల సాధన మొదలుపెట్టెను. అతడు చేరిన బ్లాక్ సబాత్ అను మేళము 1970లో తన మొదటి రికార్డును వెలువరించెను. 1971 నాటి మూడవ రికార్డులో అతడు కొన్ని పాటలకు తీగలను మూడు స్వరస్థానములు క్రిందికి దించి వదులుచేసెను. వ్రేళ్ళకు శ్రమ తగ్గెను, నాదమునకు బరువు హెచ్చెను. ఆ మేళములో బేస్ వాయించిన గీజర్ బట్లర్ కూడ అతనితో బాటు క్రిందికి దిగవలసివచ్చెను. తరువాతి మేళములు పెక్కు ఆ దారినే పట్టినవి. గాయపడిన రెండు వ్రేళ్ళు ఒక సంగీతపు శ్రుతినే దింపినవని తెలిసిన నాడు, ఆ మ్రోతమీద నాకుండిన యేవగింపు సగము పోయినది. మిగిలిన సగము ఇంకను ఉన్నది, దాచను.

ఇప్పుడు లెక్క చూడుడు. బేస్ గిటారులో అన్నిటికంటె లావుపాటి తీగ మామూలు శ్రుతిలో సెకనునకు సుమారు 41 మాఱులు కంపించును. మూడు స్థానములు దించినచో సుమారు 35. ఐదు తీగలుగల వాద్యమున ఐదవ తీగ సుమారు 31. తీగను మార్చక బిరడా త్రిప్పి దించుచు పోయినచో, అది తడిసిన నులకవలె వ్రేలాడి మెట్లమీద పటపట కొట్టుకొనును. దీనికి రెండే ఉపాయములు: తీగ లావైనా కావలెను, పొడవైనా కావలెను. మా వాడు కొన్నదాని తీగపొడవు ముప్పది అంగుళములే. నల్లగా నిగనిగలాడుచు, దున్నపోతు కొమ్ములవంటి కొనలతో నుండెను. "తాతయ్యా, ఆ కొమ్ములు చూచి మోసపోయితిని" అని వాడే తరువాత ఒప్పుకొనెను. ఒంటరిగా మెల్లగా వాయించినచో బాగుగనే యుండెను. శ్రుతి దించి, డోళ్ళ నడుమ, మఱి రెండు గిటారుల నడుమ పెట్టగానే స్వరమేదో తెలియక బురదలో బండిచక్రమువలె మూల్గెను.

రెండవమాఱు నేనును వెంట వెళ్ళితిని. నాకు డెబ్బది దగ్గఱపడుచున్నది. కీచుస్వరములు చెవికి ఆనుట లేదు గాని మంద్రము చక్కగా వినబడును. ఈ పనికి ముసలిచెవి యోగ్యమైనదే! అంగడివాడు ధ్వని పెద్దదిచేసి వినిపింపబోగా వారించితిని. ముందు విద్యుత్తు లేకయే ఒక్కొక్క తీగను, ఒక్కొక్క మెట్టును మీటించితిని. ఎక్కడ గరగర వచ్చునో, ఎక్కడ నాదము అర్ధాంతరముగా చచ్చునో అట్లే తెలియును. పిదప పండ్రెండవ మెట్టు. అచ్చట నొక్కిన స్వరము విడితీగ స్వరమునకు సరిగా పైస్థాయి కావలెను. కొంచెము తేడాయైనచో గుఱ్ఱమును జరిపి దిద్దవచ్చును, దిద్దినను కుదురనిచో ఆ వాద్యమును వదలవలెను. మెడను కంటి కెదురుగా పట్టి వంకర చూచితిమి. ఈ వాద్యము నాలుగు కిలోల వఱకు తూగును గనుక, భుజమున తగిలించి అరగంట నిలువబెట్టితిని. అంగడివాడు గడియారము చూచుకొనుచుండెను. చూచుకొననిమ్ము, డబ్బు మాది.

తీగల క్రింద పికప్పులను అయస్కాంతపు పెట్టెలుండును. తీగ కంపమును విద్యుత్తుగా మార్చునవి అవియే. కొన్నిటికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ అవసరము. వీనిలో ధ్వనిని దిద్దుకొనుటకు వీలు హెచ్చు, స్వరమునకు అంచు హెచ్చు. ఈ సంగీతమునకు పలువురు వీనినే కోరుదురు. కాని వాయింపు ముగిసినపుడు తీగత్రాడు లాగక మఱచినచో బ్యాటరీ ఊరక కరగిపోవును. మా వాడు దీపమార్పుట మఱచు రకము. కావున అది వద్దంటిని.

పేరుగల వాద్యమే కావలెనను భ్రమయు వలదు. ఇంగ్లాండులో 1975లో ఐరన్ మెయిడెన్ మేళమును స్థాపించిన స్టీవ్ హ్యారిస్ పాత ప్రెసిషన్ పద్ధతి వాద్యముననే, వ్రేళ్ళతోనే, గుఱ్ఱపు పరుగువంటి నడకను పలికించెను. 2015లో గతించిన లెమ్మీ అను నతడు రికెన్‌బాకర్ వాద్యమును చిన్న మీటుబిళ్ళతో చెండాడెను. ఇద్దరి వాద్యములకును పోలిక లేదు.

తుదకు మేము తీసికొన్నది ఎవరో వాడి అమ్మిన, రంగు వెలిసిన, నాలుగు తీగల ప్రెసిషన్ పద్ధతి వాద్యము, ముప్పదినాలుగు అంగుళములది. వెల పందొమ్మిదివేలు. ఈసారి మా వాడు చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టినది ఇచ్చెను. ఐదు తీగల కట్టను కొని, సన్నతీగను విడిచి, క్రింది నాలుగింటిని దీనికి ఎక్కించితిమి. లావుతీగలు పట్టుటకు మెడమొదటి పట్టెలో గాడులను కొంచెము ఆకురాయితో వెడల్పు చేయింపవలసివచ్చెను. మెడలోని ఇనుపకమ్మిని కూడ సరిచేయవలెను. ఇది చేయితిరిగిన పనివాని పని, ఇంటిలో ప్రయత్నింపరాదు. ఆ సాయంకాలము వాడు క్రిందితీగను మీటగానే గూటిలోని స్టీలు గ్లాసులు వణకినవి. మా ఇల్లాలు వచ్చి, వానిని తీసి నేలమీద పెట్టి, "ఇంకొకమాఱు వాయించు" మనెను.

ఆ కొమ్ముల వాద్యము మా చిన్న మనుమరాలి కిచ్చితిమి. తీగ పొట్టిది గనుక దాని చేతికి మెట్లు అందుచున్నవి. మామూలు శ్రుతిలో చక్కగనే పలుకుచున్నది. సెలవు.