రేకు ఎవరిది, మడత ఎవరిది?



చించినాడ వంతెన దాటి దిండి చేరానో లేదో, ఈ సభకొచ్చిన ఇద్దరు ప్రతినిధులు నన్ను పట్టుకుని "ఈసారైనా మడత సంగతి వదిలేస్తారా?" అన్నారు. వదలను. గంట కొట్టే అధికారం తన చేతిలోనే ఉండడం అధ్యక్షుడికి దక్కే ఒకే ఒక్క సుఖం.

ప్రపంచ వాణిజ్య సంస్థవారి మేధోసంపత్తి ఒప్పందం, ట్రిప్స్, అంటే మందుల పేటెంట్లేనని మనలో ఒక వర్గం. 2012 మార్చి 9న మందుల కంపెనీ నాట్కోకు దక్కిన తప్పనిసరి లైసెన్సు, నెలకు రూ.2.80 లక్షల క్యాన్సర్ మందు నెక్సవార్ స్థానంలో రూ.8,880 మందు రావడం వీరికి కంఠోపాఠం. గొప్ప సంగతే, కాదనను. ఏ సభకెళ్లినా అదే హరికథ అయితే ఎలా?

రెండోది, ఆ సంస్థ కొలువున్న జెనీవా వైపే చూసే వర్గం. ట్రిప్స్ 22వ అధికరణంలోని భౌగోళిక సూచికల రక్షణ అన్ని సరుకులకూ వర్తిస్తుంది, 23వ అధికరణంలోని గట్టి రక్షణ మాత్రం ద్రాక్షసారాకీ స్పిరిట్లకే. ఫ్రాన్సు సీసాకున్న మర్యాద మన పూతరేకుకు లేదని వీరి గోడు. ఆ గోడు నేనూ ఏళ్ల తరబడి వెళ్లబోసుకున్నవాణ్ణే. ఈలోగా మన 1999 భౌగోళిక సూచికల చట్టం 22వ సెక్షను, కొన్ని సరుకులకు అదనపు రక్షణ ప్రకటించే అధికారం కేంద్రానికిచ్చి కూర్చుంది. ఆ మాట ఎత్తితే జెనీవా మిత్రులకు దగ్గొస్తుంది.

ఇక మడత. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక వచ్చింది. ఆత్రేయపురంలో తీసిన రేకుకు హైదరాబాదు దుకాణంలో నెయ్యి రాసి, పంచదార చల్లి మడతపెడితే అది ఆత్రేయపురం పూతరేకేనా? తయారీ సరుకైతే ఏదో ఒక పని ఆ ప్రాంతంలో జరిగితే చాలంటుంది మన చట్టంలోని నిర్వచనం. ఐరోపావాళ్లు అంత ఉదారులు కారు. పార్మా పందితొడ మాంసాన్ని ఇంగ్లండులో ముక్కలు కోయించి ఆస్డా దుకాణాల్లో అమ్మితే, వ్యవహారం లక్సెంబర్గు న్యాయస్థానం దాకా పోయింది. కోత, ప్యాకింగు పార్మాలోనే జరగాలన్న షరతు సబబేనని, అయితే ఆ షరతును బయటివాళ్లకు సరిగ్గా తెలియజెయ్యలేదు కనక ఆస్డా మీద చెల్లదని 2003 మే 20న తీర్పు. కత్తి ఎక్కడ ఆడిందో తేల్చడానికి అక్కడ అంత తర్జనభర్జన. ఇక్కడ మడత మీద నేను రాసిన వ్యాసానికి ఒక విద్వాంసులు 'మిఠాయికొట్టు న్యాయశాస్త్రం' అని పేరుపెట్టారు. వారు మూడో వరుసలో ఉన్నారు, నమస్కారం.

ఇంత పట్టుదల ఎందుకంటే, నాకు ఈ ప్రశ్న గ్రంథాల్లో దొరకలేదు. ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో దొరికింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. ఒకావిడ పల్చటి పిండినీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగి, రేకు ఊడదీస్తోంది. మంట ఎగదోస్తూనే అడిగింది: "మడతెట్టినాయనదే పూతరేకైతే, మరి నేను తీసేదేంటండి?"

నా దగ్గర సమాధానం లేదు. చట్టం దగ్గర ఉన్నది మరీ ఇబ్బందికరం. 'ఉత్పత్తిదారు' నిర్వచనంలో తయారుచేసేవాళ్లతోపాటు వ్యాపారం చేసేవాళ్లనూ చేర్చారు. భౌగోళిక సూచికల రిజిస్టరు రెండో భాగంలో, అధీకృత వినియోగదారులుగా, ఇద్దరూ ఎక్కవచ్చు. దరఖాస్తు రాయించుకునే తీరిక ఇద్దరిలో ఎవరికుందో మీకు చెప్పాలా?

గోదావరి అవతల నరసాపురం లేసుకూ 2024లో సూచిక వచ్చింది. ఆ లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లోనే పుస్తకం వేసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు అల్లుతున్నవాళ్లు లెక్కల్లో 'గృహిణులు'గా, వాళ్ల పని తీరిక వేళ కాలక్షేపంగా ఎలా మిగిలిపోయారో చూపించింది. మన న్యాయ కళాశాలల్లో ఆ పుస్తకం చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాను, వేళ్లు మిగిలాయి.

అందుకని నా వాదం: రేకునే సరుకనండి. మడత ఎక్కడైనా పడనివ్వండి. అప్పుడు కుండ దగ్గరున్నావిడ కూలీ కాదు, ఉత్పత్తిదారు. యువ పరిశోధకులు ఒక్క వేసవి జెనీవా కాగితాలు పక్కనపెట్టి, రేకు తీసేవాళ్ల, లేసు అల్లేవాళ్ల పేర్లు ఇంటింటికీ తిరిగి రాసుకురండి. రెండో భాగంతో సరిపోల్చడం నేను చేస్తాను, కళ్లజోడు ఇంకా పనిచేస్తోంది.

మధ్యాహ్నం భోజనంలో పూతరేకులున్నాయట. మడత ఎక్కడ పెట్టించారని కార్యదర్శిగారిని అడిగాను, రావులపాలెం అన్నారు. రేకు ఎవరు తీశారంటే, వడ్డన లోపు కనుక్కుంటామని ఫోను పట్టుకుని బయటికెళ్లారు.