స్టేషనుకి ఎవరొచ్చారు?

(మండల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ నేను పెత్తందార్ల గురించి మాట్లాడబోవడం లేదు. వాళ్ల సంగతి ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఇవాళ నా గురించి, నా జేబులో ఉన్న ఫోను గురించి చెబుతాను. దీన్ని ఆత్మవిమర్శ అనుకోండి.

పోయిన నెల మా అబ్బాయి నా ఫోను తీసుకుని, అందులోనే ఉండే లెక్క చూపించాడు. "నాన్నా, రోజుకి నాలుగు గంటలు దీన్నే చూస్తున్నావు" అన్నాడు. నేను నమ్మలేదు. నాలుగు గంటలంటే ఒక పూట కూలి పని. మొహం కడుక్కోకముందే వాట్సాప్. టీ తాగుతూ ఫేస్‌బుక్. బస్సులో యూట్యూబ్. రాత్రి దిండు పక్కన మళ్లీ అదే. ఇదంతా ఉద్యమం పనే అనుకున్నాను ఇన్నాళ్లూ. తీరా చూస్తే అందులో ఏముంది? పది గ్రూపుల్లో శుభోదయాలు, పుట్టినరోజు దండలు, ఎవరో ఎవరినో తిట్టిన తిట్లు, వాటికి నేను రాసిన జవాబులు.

అంతవరకే అయితే నేనిక్కడ నిలబడి చెప్పేవాణ్ణి కాదు. దానివల్ల ఒక కుటుంబానికి అన్యాయం జరిగింది. అది నా చేతుల మీదుగా జరిగింది.

రెండేళ్ల కిందట పక్క పల్లెలో మన కుర్రాణ్ణి కొట్టారు. వాళ్ల వీధిలో మోటారు సైకిలు దిగకుండా వెళ్లాడట, అదీ నేరం! తండ్రి కబురు చేస్తే వెళ్లాను. దెబ్బలు ఫొటో తీశాను. అక్కడే అరుగు మీద కూర్చుని నాలుగు వాక్యాలు రాసి పెట్టాను. సాయంత్రానికి వందల మంది పంచుకున్నారు. హైదరాబాదు నుంచి, దుబాయి నుంచి "జై భీమ్ అన్నా" అని రాశారు. రాత్రంతా ఆ అంకెలు చూసుకుంటూ కూర్చున్నాను. ఫిర్యాదు మాత్రం రాయలేదు. పొద్దున రాద్దాంలే అనుకున్నాను.

ఆ రాత్రే ఊరి పెద్దమనుషులు ఆ ఇంటికి వచ్చారు. "మా పరువు తీస్తార్రా" అన్నారు. వాళ్లు చేసే కౌలు భూమి సంగతి గుర్తు చేశారు. తెల్లారేసరికి రాజీ కాగితం మీద వేలిముద్ర పడింది. అంత భయపడ్డ మనిషి చేత మళ్లీ ఫిర్యాదు ఇప్పించడం నా వల్ల కాలేదు. ఆయన నాతో ఒక్క మాటన్నాడు: "ఫోనులో దేశమంతా మనవైపు వచ్చిందన్నావు గదా అబ్బాయ్. స్టేషనుకి మాతో ఎవరొచ్చారు?"

అయితే ఫోను పారెయ్యమంటానా? అనను. 1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేద్కర్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టినప్పుడు, డబ్బిస్తామన్నా 'కేసరి' పత్రిక దాని ప్రకటన వెయ్యలేదు. మన మాటకి వాళ్ల పత్రికల్లో చోటు లేదు. ఇవాళ ఆ తలుపు మన చేతిలో ఉంది. అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగారుస్తూ 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పిస్తే, ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఆ పిలుపు ఎక్కువగా ఫోన్ల మీదే నడిచింది. కానీ జనం రోడ్డు మీదికొచ్చారు కాబట్టే ఆ ఏడాదే పార్లమెంటు చట్టాన్ని సవరించింది. కారంచేడు (1985), చుండూరు (1991) నాటికి సెల్‌ఫోన్లు లేవు. కరపత్రం ఉంది, పాట ఉంది, చీరాల శిబిరానికి నడిచొచ్చిన మనుషులున్నారు.

ఒక సంగతి తెలుసుకోండి. ఈ కంపెనీలు మన దగ్గర రూపాయి తీసుకోవు. మన చూపునే ప్రకటనలవాళ్లకి అమ్ముకుంటాయి. ఎంతసేపు చూస్తే అంత లాభం. కోపం వచ్చే మాటకి జనం ఎక్కువ జవాబిస్తారు, అందుకని అది పైకొస్తుంది. కరపత్రానికి చివరి పేజీ ఉంటుంది. దీనికి లేదు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన గ్రూపులు చూశారు గదా! మాల మాదిగలం ఒకళ్లనొకళ్లు ఎన్ని మాటలన్నాం! ఎదురుగా కూర్చుని వాదించుకోవాల్సిన విషయం అది. మొహం చూస్తే అనలేని మాటలు ఫోనులో అన్నాం.

అందుకని నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. మీరూ ఆలోచించండి.

పొద్దున ఫోను ముట్టుకోకముందు పల్లె ఒక చుట్టు తిరిగిరావాలి.

దాడి జరిగితే ముందు ఆసుపత్రి, తర్వాత ఫిర్యాదు. ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు విచారణ అక్కర్లేదని 2018 సవరణలో 18-ఎ సెక్షన్ చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చెయ్యాలి. ఆ కాపీ చేతికొచ్చాకే ఫోను. పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోతే అప్పుడు ఫోను ఎత్తండి, ఆ సంగతే లోకానికి చెప్పండి.

బాధితుల్ని అడక్కుండా ఫొటో పెట్టకూడదు. ఎందుకంటే మనం పెట్టిన ఫొటోకి దెబ్బలు తినేది వాళ్లు. అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు, మొహం బయటపెట్టడం నేరం కూడా.

ఇప్పుడు నా లెక్క రోజుకి గంటన్నరకి దిగింది. ఇంకా తగ్గాలి. మిగిలిన సమయంలో సాయంత్రం పూట పిల్లలకి ఫిర్యాదు రాయడం నేర్పుతున్నాను.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఈసారి ఎవరైనా అడిగితే మాత్రం "మేమొచ్చాం" అని మనమందరం చెప్పగలగాలి.

జై భీమ్!