పతకాల వరసలో ఒక సిపాయి జాతకం



పెళ్ళిలో ఒకావిడ మెడలో నగలు చూసి, ఇది పుట్టింటివారు పెట్టింది, ఇది అత్తగారిది, ఇది మొన్న చేయించుకున్నది అని మనం ఇట్టే చెప్పేస్తాం కదా. సిపాయి గుండెమీది పతకాలూ అలాంటివే. చదవడం తెలియాలి గాని, ఆయన కొలువు కథ చాలావరకూ అందులోనే ఉంటుంది. ఈవేళ ఒక జర్మన్ సిపాయి పతకాలు చదివి చూద్దాం.

జర్మన్లు పతకాలను రిబ్బన్లతో సహా ఒకే పట్టీమీద వరసగా కుట్టించి, కోటుకు ఎడమవైపు పెట్టుకునేవారు. ఎదురుగా నిలబడిన మనం మన ఎడమచేతివైపు నుంచి చదువుకుంటూ రావాలి. పెద్ద గౌరవం ముందుంటుంది. నాలుగు పతకాల పట్టీ ఒకటి ఊహించుకోండి.

మొదటిది నల్లటి ఇనుముకు వెండి అంచు కట్టిన శిలువ. ఇదే ఐరన్ క్రాస్. 1813లో నెపోలియన్‌తో యుద్ధానికి దిగినప్పుడు ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ దీన్ని నెలకొల్పాడు. చనిపోయిన భార్య లూయీజా పుట్టినరోజైన మార్చి 10నే దానికి తేదీగా వేయించాడు. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్ళు బంగారు నగలు యుద్ధఖర్చుకిచ్చేసి ఇనుప నగలు పెట్టుకున్నారు. శిలువ కింది రెక్కమీద ఏడాది ఉంటుంది. 1914 అంటే మొదటి ప్రపంచయుద్ధం, 1939 అంటే రెండవది. మన సిపాయిది 1914. నల్ల రిబ్బనుమీద తెల్లచారలుంటే పోరాడినవాడు. తెల్ల రిబ్బనుమీద నల్లచారలుంటే యుద్ధరంగానికి దూరంగా పనిచేసినవాడు. అయితే ఆ యుద్ధంలో రెండవ తరగతి శిలువ సుమారు 50 లక్షలమందికి ఇచ్చారు. కాబట్టి ఇది చూసి మహావీరుడనుకోనక్కర్లేదు.

రెండవది ఎర్రటి ఎనామెల్ శిలువ, మధ్యలో కోటబొమ్మ. ఇది హాంబర్గ్ నగరం ఇచ్చింది. హాంబర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ అనే మూడు పట్టణాలూ దేనికది ఇలాంటి శిలువ పెట్టుకున్నాయి. అంటే మనవాడికి హాంబర్గ్‌తో ఏదో సంబంధం ఉందన్నమాట.

మూడవది 1934లో ప్రెసిడెంట్ హిండెన్‌బర్గ్ పేరుతో వచ్చిన గౌరవ శిలువ. కత్తులుంటే ముందు వరసలో పోరాడినవాడు, లేకపోతే ఇతర సేవ చేసినవాడు. నల్లరంగు పూసిన శిలువ మాత్రం సిపాయిది కాదు. కొడుకు పోయిన తల్లిదండ్రులదీ, భర్త పోయిన ఇల్లాలిదీ. దరఖాస్తు పెట్టుకుంటేనే ఇచ్చేవారు. ఆవిడ ఆ కాగితం ఎలా రాసుకుందో!

నాలుగవది నీలం రిబ్బను. వెనకవైపు 12 అంకె ఉంటే, హిట్లర్ కాలపు సైన్యం ఆయనకు పన్నెండేళ్ళ కొలువు లెక్కగట్టిందని. సిపాయిగిరీయే ఆయన బతుకుతెరువు.

ఇప్పుడా నాలుగవదాన్ని తీసేయండి. మూడే మిగిలాయి. ఆయన యుద్ధం అయ్యాక ఇంటికొచ్చి దుకాణం పెట్టుకుని ఉండవచ్చు. యూదుడు కూడా అయి ఉండవచ్చు. మొదటి యుద్ధంలో జర్మనీ తరఫున సుమారు 12,000 మంది యూదులు ప్రాణాలిచ్చారు. బతికి వచ్చినవారిలో ఎందరో 1934 తరవాత ఈ గౌరవ శిలువ అందుకున్నారు. అందించిన ప్రభుత్వమే కొన్నేళ్ళకు వాళ్ళను ఇళ్ళనుంచి తరిమింది. పతకాలున్న వృద్ధుల్ని చాలామందిని థెరేసియన్‌స్టాట్‌కు పంపింది. అక్కణ్ణుంచి ఎందరినో ఆష్విట్జ్ చావు శిబిరానికి తోలింది. గుండెమీది ఇనుప శిలువ ఒక్క తలుపును కూడా ఆపలేకపోయింది.

నాలుగూ ఉన్నవాడి కథ మాత్రం పూర్తిగా తెలిసిందా? ఎక్కడ ఎంతకాలం ఉన్నాడో తెలుస్తుంది గాని, అక్కడ ఏం చేశాడో పతకం చెప్పదు. వీటిమీద సాధారణంగా పేరు కూడా ఉండదు. మొదటి యుద్ధంలో మన దేశపు సిపాయిలకు వచ్చిన బ్రిటిష్ పతకాల అంచుమీద నంబరు, పేరు, పటాలం చెక్కి ఉండేవి. జర్మన్ పతకానికి తోడుగా వచ్చిన కాగితం పోతే మనిషీ పోయినట్టే.

అమ్మలారా, మీ ఇంటి ట్రంకుపెట్టెలో ఏ తాతగారి పతకమైనా ఉంటే, చింతపండు పెట్టి తోమి మెరిపించకండి. అంచుమీది అక్షరాలు అరిగిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, ఆయన ఎక్కడికి వెళ్ళాడో, ఎవరిని విడిచి వెళ్ళాడో, వెనక ఇల్లు ఎవరు నడిపారో రాసి, ఆ కాగితం పతకంతోపాటు ఉంచండి. పతకం సగమే చెబుతుంది. మిగతా సగం ఆ ఇంటి ఆడవాళ్ళకే తెలుసు.